హౌస్‌ఫుల్ బోర్డు సరే... గల్లాపెట్టె మాటేమిటి?

థియేటర్ నిండిపోయింది. బయట హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతోంది. బ్లాకులో కూడా టికెట్టు దొరకడం లేదు. లోపల ఒకటే ఈలలు, గోల! ఇంత జరిగాక ఆ ఆటకి నష్టమొచ్చిందంటే మీరు నమ్ముతారా? "చాల్లెండి, మా చెవిలో పువ్వులు పెట్టకండి" అంటారు. కానీ అచ్చంగా అలాంటి విడ్డూరమే అమెరికాలో జరిగింది. జనం ఎన్నిసార్లు సినిమాకి వెళితే అంత నష్టం వచ్చే వ్యాపారం ఒకటి అక్కడ మహా ఆర్భాటంగా నడిచింది. ముప్ఫయి లక్షల మందికి పైగా సభ్యుల్ని చేర్చుకుని మరీ దివాలా తీసింది!

ఆ కథలోకి వెళ్ళే ముందు ఓ చిన్న కథ.

కిందటి నెల తెనాలి కుర్రాడొకడు మా ఆఫీసుకొచ్చాడు. ఇంజనీరింగ్ చదివాడు. సినిమా అంటే ప్రాణం. తెలుగు షార్ట్ ఫిలిములన్నీ ఒకేచోట చూపించే యాప్ పెడతాట్ట. పేరు ఖాయమైంది, లోగో తయారైంది. ప్రారంభోత్సవానికి ఏ హీరోని పిలవాలో కూడా అనేసుకున్నాడు. సెల్‌ఫోన్‌లో అన్నీ వరసగా చూపించాడు. చూడముచ్చటగానే ఉన్నాయి.

"బాగుంది బాబూ. మరి డబ్బులెవరిస్తారు?" అన్నాను.

"నాన్నగారు రిటైరయ్యారండి. పి.ఎఫ్. వచ్చింది. అందులోంచి ఆరు లక్షలిస్తానన్నారు."

"అది పెట్టుబడి. నేనడిగింది రాబడి."

కుర్రాడు కాస్సేపు ఫోన్ వంక చూసి, "ముందు జనాన్ని రానివ్వండి సార్. జనం వస్తే డబ్బు దానంతటదే వస్తుంది" అన్నాడు.

ఈ డైలాగు వాడొక్కడిదే కాదు. ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి పెట్టేద్దామనుకునే కుర్రకారు చాలామంది నోట ఇదే మాట. తండ్రి ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ము ఈ ఒక్క డైలాగు మీద ఆధారపడి ఉందని తెలిసేసరికి నాకు గుండె ఝల్లుమంది.

కొబ్బరికాయకి ముందే బేరం

మన సినిమావాళ్ళని జనం జూదగాళ్ళంటారు. నిజమే, జూదమే. కానీ పాతకాలపు తెలుగు నిర్మాత ఎంత ముందుచూపు మనిషో చూడండి. కథ, హీరో, దర్శకుడు కుదరగానే ఆయన చేసే మొదటి పని నైజాం, సీడెడ్, ఆంధ్ర అంటూ ఏరియాల వారీగా బేరం పెట్టడం. పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు పుచ్చుకునేవాడు. మినిమమ్ గ్యారంటీ ఎంతో కాగితం మీద రాయించుకునేవాడు. బాకీ తేలనిదే ల్యాబ్‌లోంచి ప్రింటు కదిలేది కాదు. అంటే సినిమా హిట్టో ఫట్టో తర్వాతి సంగతి. ఎవరు, ఎందుకు, ఎప్పుడు డబ్బిస్తారన్నది క్లాప్ కొట్టకముందే చాలావరకు తేలిపోయేది. ఆ బేరం కుదరక ముహూర్తం దగ్గరే ఆగిపోయిన సినిమాలు కోకొల్లలు. ఆగిపోవడం కూడా ఒక రకంగా అదృష్టమే లెండి!

ఇంటర్నెట్‌లో షాపు తెరవడానికి ఈ అడ్డంకులేవీ లేవు. ల్యాబ్ లేదు, ప్రింటు లేదు, థియేటర్ అద్దె లేదు. ఆదివారం పొద్దున అనుకుంటే సాయంత్రానికి తెరవచ్చు. అదే సుఖం, అదే ప్రమాదం.

నిండిన కొద్దీ మునిగిన కథ

ఇహ అమెరికా కథ. కంపెనీ పేరు మూవీపాస్. 2011లో స్టేసీ స్పైక్స్, హామెట్ వాట్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. నెలకింత అని కట్టు, థియేటర్‌కెళ్ళి సినిమాలు చూసుకో - ఇదీ పథకం. చందా ఎక్కువే ఉండేది. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ ఉండేది. సభ్యులు వేలల్లోనే. ఎవరికీ పెద్దగా పట్టలేదు.

2017 ఆగస్టులో కథ అడ్డం తిరిగింది. హీలియోస్ అండ్ మాథెసన్ అనే కంపెనీ ఇందులో సగానికి పైగా వాటా కొనేసింది. వెంటనే ఓ ప్రకటన: నెలకి 9 డాలర్ల 95 సెంట్లు. రోజుకో సినిమా! అవునండీ, రోజుకొకటి. ఆ ఏడాది అమెరికాలో ఒక్క టికెట్టు సగటు ధర దాదాపు 9 డాలర్లు. న్యూయార్క్ లాంటి చోట్ల పదిహేను దాటేది. అంటే నెలకి ఒక సినిమా చూస్తే చందా చెల్లు. రెండోది చూస్తే కంపెనీకి చిల్లు!

ఎందుకంటే థియేటర్‌వాడు మూవీపాస్‌కి పైసా తగ్గించడం లేదు. సభ్యుడి చేతికి ఎర్రటి కార్డొకటి ఇచ్చేవారు. అతను థియేటర్ దగ్గరకెళ్ళి ఫోన్‌లో ఆట ఎంచుకోగానే కార్డులో టికెట్టు డబ్బు పడేది. థియేటర్‌కి పూర్తి ధర ముట్టేది. అది ఇచ్చుకునేది మూవీపాసే.

జనం వెర్రెత్తినట్టు చేరారు. డిసెంబరుకల్లా పది లక్షలు. 2018 జూన్‌కి ముప్ఫయి లక్షలు. పత్రికల నిండా ఇదే ముచ్చట. కంపెనీ షేరు చుక్కలంటింది. మరి డబ్బెలా వస్తుందని అడిగితే వాళ్ళ దగ్గరా జవాబులున్నాయి. చాలామంది సభ్యులు చందా కట్టి ఇంట్లో కూర్చుంటారన్నారు. ఎవరు ఏ సినిమా చూస్తున్నారో ఆ వివరాలు కంపెనీలకి అమ్ముతామన్నారు. మా వల్ల థియేటర్‌కి జనం పెరుగుతున్నారు కాబట్టి పాప్‌కార్న్ అమ్మకంలో వాటా ఇస్తారన్నారు. అన్నీ "ఇస్తారు", "కొంటారు", "మానేస్తారు" - అన్నీ భవిష్యత్ కాలమే. సంతకం పెట్టిన కాగితం మాత్రం లేదు. అక్కడి అతి పెద్ద థియేటర్ల సంస్థ ఏ.ఎం.సి. అయితే వాటా మాట అటుంచి, ప్రకటన వచ్చిన రోజే ఈ పథకం మాకు వద్దే వద్దంది.

2018 వసంతానికి నెలకి సగటున 2 కోట్ల డాలర్లకు పైగా చేతి డబ్బు పోతోందని కంపెనీయే ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితాల్లో ఒప్పుకుంది. జూలై ఆఖర్లో ఓ రాత్రి గల్లాపెట్టె పూర్తిగా ఖాళీ! సభ్యులు థియేటర్ల ముందు నిలబడి కార్డులు గీకుతున్నారు... పనిచెయ్యడం లేదు. అప్పటికప్పుడు 50 లక్షల డాలర్లు అప్పు తెచ్చి మళ్ళీ తలుపులు తెరిచారు. సరిగ్గా అదే వారం టామ్ క్రూజ్ 'మిషన్ ఇంపాజిబుల్ - ఫాలౌట్' విడుదల. పెద్ద సినిమా వస్తే ఏ వ్యాపారస్తుడైనా పండగ చేసుకుంటాడు. వీళ్ళు మాత్రం ఆ సినిమా తమ సభ్యులకి దొరకకుండా అడ్డం పెట్టారు. హిట్టు సినిమా వస్తే భయపడే సినిమా వ్యాపారాన్ని మీరెక్కడైనా చూశారా?

తర్వాతి రీళ్ళు గబగబా తిప్పేస్తాను. ఎక్కువ సినిమాలు చూసే 75,000 మంది సభ్యుల పాస్‌వర్డులు చెడగొట్టి వాళ్ళని ఆపారని అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2021లో ఆరోపించింది. 2019 సెప్టెంబరు 14న కంపెనీ మూతపడింది. 2020 జనవరిలో దివాలా. మదుపరులను మోసగించిన కేసులో మూవీపాస్‌ని నడిపిన మిచ్ లో 2024లోనూ, హీలియోస్‌ని నడిపిన టెడ్ ఫార్న్స్‌వర్త్ 2025లోనూ కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

ఐడియా మంచిదే, చేతులు వేరు

ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపుంది. మూవీపాస్ కొట్టుకులాడుతుండగానే, 2018 జూన్‌లో ఏ.ఎం.సి. అదే పథకం సొంతంగా మొదలుపెట్టింది. నెలకి 19 డాలర్ల 95 సెంట్లు, వారానికి మూడు సినిమాలు. అది నిలబడింది! ఎలాగంటే, థియేటర్‌వాడికి మంగళవారం మాట్నీలో ఖాళీగా ఉన్న కుర్చీ ఎటూ దండగే. అందులో ఒకణ్ణి కూర్చోబెడితే పంపిణీదారుడి వాటా పోయినా, ఇంటర్వెల్ లేని ఆ దేశంలో కూడా అతను కొనే పాప్‌కార్న్, కూల్‌డ్రింకు లాభం నేరుగా వాడి పెట్టెలోకే వస్తుంది. మూవీపాస్‌కి కుర్చీ లేదు, పాప్‌కార్న్ లేదు. ఉన్నదల్లా బిల్లు!

మన దేశంలో పి.వి.ఆర్. ఐనాక్స్ 2023 అక్టోబరులో 'పాస్‌పోర్ట్' అని మొదలుపెట్టింది. నెలకి 699 రూపాయలు, 10 సినిమాలు. అయితే సోమవారం నుంచి గురువారం దాకా మాత్రమే. శుక్ర, శని, ఆదివారాలు లేవు. ఆ ఒక్క షరతులోనే వ్యాపారమంతా ఉంది. కొత్త సినిమా జోరులో కుర్చీలు ఎలాగూ నిండుతాయి, అప్పుడు తక్కువ ధరకి ఇవ్వడమెందుకు? ఖాళీ రోజులకే ఈ బేరం.

అన్నట్టు, మూవీపాస్ మొదలుపెట్టిన స్టేసీ స్పైక్స్‌ని 2018 జనవరిలోనే బయటకు పంపేశారు. ఆయన 2021లో దివాలా కోర్టులోంచి తన కంపెనీని తనే మళ్ళీ కొనుక్కున్నాడు. 2022లో తిరిగి తెరిచాడు. ఈసారి 'రోజుకో సినిమా' లేదు. చందాకి ఇన్ని పాయింట్లు, ఆటని బట్టి ఇన్ని ఖర్చు అని కొలత పెట్టాడు. 2023లో లాభం కళ్ళజూశామని కంపెనీ చెప్పుకుంది. సినిమా కథ లాగే లేదూ?

ఒక స్టాంపు బిళ్ళతో పరీక్ష

ఇందాక చెప్పిన మిచ్ లో అంతకు ఇరవయ్యేళ్ళ ముందు ఏ కంపెనీ తొలి జట్టులో ఉన్నాడో తెలుసా? నెట్‌ఫ్లిక్స్! ఆ కంపెనీ పుట్టుక వింటే లెక్క ముందు చూసుకోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

1997లో కాలిఫోర్నియాలో మార్క్ రాండాల్ఫ్, రీడ్ హేస్టింగ్స్ కలిసి పోస్టులో సినిమాలు అద్దెకిద్దామనుకున్నారు. వీడియో క్యాసెట్ అయితే బరువు, పోస్టు ఖర్చుకే సరి. అప్పుడే డి.వి.డి. అనే పల్చటి బిళ్ళ మార్కెట్‌లోకి వచ్చింది. అది కవర్లో పెట్టి మామూలు స్టాంపు అతికిస్తే పగలకుండా వెళ్తుందా? వెళ్తేనే వ్యాపారం, లేకపోతే లేదు. వాళ్ళకి చుట్టుపక్కల డి.వి.డి. దొరకలేదు. ఓ పాటల సీడీ కొని, గ్రీటింగ్ కార్డు కవర్లో పెట్టి హేస్టింగ్స్ ఇంటికే పోస్టు చేశారు. మర్నాడు నిక్షేపంలా చేరింది. ఆఫీసు లేదు, యంత్రాలు లేవు, ఉద్యోగులు లేరు. ఒక్క కవరు, ఒక్క స్టాంపు! ఆ తర్వాతే మిగతా హంగామా. (హేస్టింగ్స్ 'అపోలో 13' క్యాసెట్ ఆలస్యంగా ఇచ్చి 40 డాలర్ల జరిమానా కట్టాడనీ, ఆ కోపంతోనే కంపెనీ పెట్టాడనీ ఓ కథ ప్రచారంలో ఉంది. అది చాలావరకు పబ్లిసిటీ కోసం పనికొచ్చిన కథేనని రాండాల్ఫ్ తరవాత రాశాడు. సినిమావాళ్ళకి కొత్తేముంది!)

1998 ఏప్రిల్ 14న తెరిచారు. బిళ్ళలు అద్దెకీ ఇచ్చారు, అమ్మకానికీ పెట్టారు. తీరా చూస్తే ఆదాయంలో నూటికి తొంభై పైచిలుకు అమ్మకాల మీదే వస్తోంది. అద్దె ఎవరికీ పట్టలేదు. మీరైతే ఏం చేస్తారు? అమ్మకమే బాగుందిగా అని కూర్చుంటారు. వాళ్ళు అలా కూర్చోలేదు. అమెజాన్ రేపో మాపో డి.వి.డి.లు అమ్ముతుంది, ధర తగ్గిస్తుంది, అప్పుడు మనకి మిగిలేది సున్నా అని లెక్క కట్టారు. వచ్చే డబ్బుని కాదనుకుని అమ్మకం ఆపేశారు! అద్దెని ఎలా గట్టెక్కించాలా అని రకరకాల పథకాలు వేసి చూసి, 1999 సెప్టెంబరులో నెలవారీ చందా తెచ్చారు. గడువు లేదు, జరిమానా లేదు. అక్కణ్ణుంచి జరిగింది లోకానికంతా తెలుసు. 2000లో వీళ్ళు 5 కోట్ల డాలర్లకి కొనుక్కోమంటే ఫెళ్ళున నవ్విన బ్లాక్‌బస్టర్ కంపెనీ 2010లో దివాలా తీసింది.

చెట్టు కింద ఐడియా, సాఫ్ట్‌వేర్‌తో బతుకు

మన దేశపు ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలి. మీరంతా టికెట్లు కొనుక్కునే బుక్‌మైషో ఉందే, దాని వెనకున్న కంపెనీ పేరు బిగ్‌ట్రీ, అంటే పెద్ద చెట్టు. శ్రీ ఆశిష్ హేమరాజానీ దక్షిణాఫ్రికాలో విహారయాత్రలో ఓ చెట్టు కింద సేద తీరుతూ రేడియోలో రగ్బీ ఆట టికెట్ల ప్రకటన విన్నారట. మన దేశంలో సినిమా టికెట్లు ఇలా అమ్మకూడదా అనిపించింది. 1999లో ఇద్దరు మిత్రులతో కలిసి కంపెనీ పెట్టారు.

పెట్టారు గానీ, అప్పట్లో మన థియేటర్లలో ఎన్నింటికి కంప్యూటర్ ఉంది? బుకింగ్ కిటికీలో చెయ్యిపెట్టి టికెట్టు లాక్కునే రోజులవి. ఇంటింటికీ కుర్రాళ్ళతో టికెట్లు పంపించారు. ఇంతలో ఇంటర్నెట్ కంపెనీల పతనం వచ్చిపడింది. 150 మంది ఉన్న కంపెనీలో ఆరుగురు మిగిలారు. వాళ్ళెలా బతికారంటే, థియేటర్లలో టికెట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అమ్మి! ప్రేక్షకుడు ఇంకా డబ్బివ్వడానికి తయారుగా లేడు, థియేటర్ యజమాని ఉన్నాడు. ముందు అతని దగ్గర పుచ్చుకున్నారు. పనిలో పనిగా థియేటర్ల కుర్చీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతూ వచ్చాయి. 2007లో బుక్‌మైషో అని పేరు మార్చి రంగంలోకి దిగేసరికి నేల చదునై ఉంది. ఇప్పుడు టికెట్టు టికెట్టుకీ మన దగ్గర తీసుకునే రుసుము మీద మీకు కోపమున్నా, ఉన్నా... నాకూ ఉందనుకోండి... ఎవరు దేనికి డబ్బిస్తున్నారో మాత్రం స్పష్టంగా ఉంది.

డబ్బుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. డిస్నీ స్టూడియోని ఏలిన జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ క్విబీ అనే ఫోన్ సినిమాల యాప్ కోసం 175 కోట్ల డాలర్లు పోగేశాడు. పెద్ద పెద్ద తారలందరూ ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో విడుదల, డిసెంబరు 1న కట్. ఎనిమిది నెలలు ఆడలేదు! ఫోన్‌లో చిన్న వీడియోలు ఉచితంగా దొరుకుతుండగా నెలకి 5 డాలర్లు ఎవడిస్తాడన్న ప్రశ్నకి జవాబు విడుదలయ్యాక దొరికింది.

తెనాలి కుర్రాడి బాక్సాఫీసు

మళ్ళీ మన కుర్రాడి దగ్గరకొద్దాం. కాఫీ తెప్పించి, తెల్లకాగితం తీసి ఇద్దరం లెక్క వేశాం.

యాడ్స్ మీద బతుకుతానన్నాడు. యూట్యూబ్‌లో యాడ్ల వాటా రావాలంటే 2018లో పెట్టిన షరతు ప్రకారం వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి. ఆ తర్వాత పెద్ద వీడియోల యాడ్ల ఆదాయంలో 55 శాతం వీడియో పెట్టినవాడికి. మరి షార్ట్ ఫిలిం తీసినవాడు తనే యూట్యూబ్‌లో పెట్టుకుంటే ఆ వాటా అతనికే వస్తుందిగా, మధ్యలో నీ యాప్‌కెందుకిస్తాడు? కుర్రాడు తల గోక్కున్నాడు.

ఒక్కో సినిమాకి టికెట్టు పెడితే? 2020 జూన్‌లో రామ్ గోపాల్ వర్మ 'క్లైమాక్స్'కి 100 రూపాయలు పెట్టి ఇంటర్నెట్‌లో ఆడించారు. కానీ అక్కడ టికెట్టు తెగేది వర్మ పేరు మీద. పేరు తెలియని కుర్రాళ్ళ సినిమాకి వంద ఎవరిస్తారు?

సరే, చందా. ఆహా 2020లో వచ్చినప్పుడు ఏడాదికి 365, అంటే రోజుకో రూపాయి అంది. వీడు నెలకి 49 అనుకున్నాడు. 2022లో గూగుల్ ప్లే నెలనెలా కట్టే చందాల మీద తన వాటా 15 శాతానికి తగ్గించింది. ఆ లెక్కనే తీస్తే మిగిలేది 41 రూపాయల 65 పైసలు. నెలకి నాలుగు మంచి సినిమాలు కొనాలి. ఒక్కోదానికి పదివేలనుకున్నాం. సర్వరుకీ మిగతావాటికీ ఇంకో పదివేలనుకున్నాం. మొత్తం 50,000. అంటే 1,200 మంది నెలనెలా కడితే కుర్రాడికి జీతం లేకుండా సరికి సరి!

ఆ 1,200 మంది ఊరికే రారు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలివ్వాలి. ఒక్కో సభ్యుణ్ణి తేవడానికి వంద ఖర్చయిందనుకోండి, అతను మూడో నెల చందా కట్టేదాకా ఆ వందే తిరిగి రాదు. షార్ట్ ఫిలిములు చూసేవాడు మూడు నెలలుంటాడా? ఆరు లక్షలు అంటే ఎంతో అనిపించింది గానీ, ఈ లెక్కన సభ్యులు లేకపోతే పన్నెండు నెలల ఆట. అంతే.

కుర్రాడి మొహం చిన్నబోయింది. "అయితే మానెయ్యమంటారా సార్?"

"మానెయ్యమనడం లేదు. అడ్వాన్స్ బుకింగ్ తెరువు" అన్నాను. సినిమాకి ఉన్నట్టే. యాప్ కట్టించక్కర్లేదు. ఫలానాది పెడుతున్నాను, మూడు నెలల చందా ముందే ఇవ్వండి, మొదలుపెట్టకపోతే వాపసు ఇస్తాను అని తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడగమన్నాను. "బాగుందా?" అని అడగొద్దన్నాను. బాగుందనడానికి డబ్బు ఖర్చు కాదు మరి! ప్రివ్యూ చూసిన ప్రతివాడూ సూపర్‌హిట్టంటాడు, ఆ మాట నమ్మి ఎంతమంది మునిగారో మీకు తెలుసు.

మొన్న ఫోన్ చేశాడు. నలభై మందిని అడిగాట్ట. ముప్ఫయ్యారు మంది అద్భుతమన్నారు. డబ్బు తీసి ఇచ్చింది నలుగురు.

"నలుగురేనా!" అన్నాను.

"అసలు తమాషా అది కాదండీ" అన్నాడు. "ఆ నలుగురిలో ముగ్గురు సినిమాలు చూసేవాళ్ళు కాదు, తీసేవాళ్ళు. యాప్ సంగతి తర్వాత, మా సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసి ఫెస్టివల్స్‌కి పంపించి పెట్టు, దానికి వేరే డబ్బిస్తామన్నారు. సినిమాకి మూడు వేలు. ఒకళ్ళది వేసిచ్చాను కూడా. నాలుగు రాత్రులు పట్టింది."

"మరి యాప్?"

"ఇంకా ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ తిరిగి చూసి చెబుతానండి."

నాన్నగారి ఆరు లక్షలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయిట.